మంచి ఎస్‌ఎంపీఎస్ దొరికేదాకా

వాన మొదలైన కాసేపటికి గౌలిపుర సందులోకి ఒక ఆటో వచ్చి ఎల్లేష్ షాపు ముందు ఆగింది. అందులోంచి ముందుగా ఒక కంప్యూటర్ డబ్బా దిగింది. దానికి రెయిన్‌కోటు తొడిగి ఉంది. దాని వెనక ఒక అమ్మాయి దిగింది. ఆమెకు రెయిన్‌కోటు లేదు.

"దీన్ని బిగించింది మీరేనా?" అంది డబ్బాను బల్ల మీద పెట్టి. జడలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేనే. ఏమైంది మేడమ్?"

"రోజూ చస్తోంది. చచ్చి, దానంతటదే మళ్ళీ బతుకుతోంది. మధ్యలో నేను చేసిన పని మాత్రం బతకట్లేదు."

ఎల్లేష్ జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఆమె కనురెప్పల మీద నిలిచిన వాన చుక్కల దగ్గర ఆగిపోయాడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో అలా ఆగిపోవడం పెద్ద నేరమేం కాదు. టవల్ ఇవ్వాలని తోచి ఇచ్చాడు. ఆమె దాంతో ముందు డబ్బాను తుడిచింది. అప్పటికే అతని పని సగం అయిపోయింది.

ఆ షాపు ఒకప్పుడు బర్రెలు కట్టేసిన ముందు గది. తండ్రి బాలకిషన్ బర్రెలను వెనక్కి మార్చి, గదికి సున్నం కొట్టించి కొడుక్కి ఇచ్చాడు. ఈ కథ జరుగుతున్నది రెండు వేల నాలుగులో. గల్లీకొక ఇంటర్నెట్ సెంటర్ లేస్తోంది. ఎల్లేష్ కోఠీ నుంచి విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి ఇస్తాడు. ఈ డబ్బా నయాపూల్ కోర్టు ఆఫీసులో పనిచేసే లక్ష్మీకాంత్ గారిది. బాలకిషన్ ఆ ఇంటికి పాలు పోస్తాడు కాబట్టి ఆర్డరు కూడా ఆయనే మోసుకొచ్చాడు. కంప్యూటర్ సారు కూతురి కోసమని చెప్పాడు. ఆ కూతురు ఇలా ఉంటుందని మాత్రం చెప్పలేదు.

ఆమె పేరు సాహిత్య. మల్టీమీడియా కోర్సు చేసి, పెళ్ళి వీడియోల మిక్సింగ్ మొదలుపెట్టింది. కెమెరావాళ్ళు తీసిన గంటల కొద్దీ టేపుల్ని కత్తిరించి, అతికించి, పాట పెట్టి, సీడీ చేసి ఇవ్వాలి. మొదటి ఆర్డరు ఒక వకీలు గారి అమ్మాయి పెళ్ళి.

ఎల్లేష్ కంప్యూటర్ ఆన్ చేశాడు. అది బుద్ధిమంతుడిలా నడిచింది. పాటలు పెట్టాడు, పాడింది. గేమ్ పెట్టాడు, ఆడింది.

"మంచిగనే నడుస్తున్నది గదా మేడమ్."

"మీ ముందు నడుస్తుంది. మా మామయ్య కూడా అంతే, బంధువులు వస్తే అత్తయ్యకు కాఫీ కలిపిస్తాడు. ఇంటికొచ్చి చూడండి."

ఇంటికి వెళ్ళి చూశాడు. సాహిత్య మిక్సింగ్ మొదలుపెట్టి, పక్కనే సీడీ రాయడానికి పెట్టింది. కాసేపటికి తెర నల్లబడి, కంప్యూటర్ మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. వెనక నిలబడి చూస్తున్న లక్ష్మీకాంత్ కళ్ళజోడు సవరించుకున్నారు.

"చూశావు కదమ్మా. ఈ నెలాఖరుకి వకీలు గారికి సీడీ ఇవ్వాలన్నావు. ఇవ్వగలిగితే సరే, నీ పని నువ్వు చేసుకో. లేకపోతే దీన్ని అమ్మేసి బ్యాంకు పరీక్షకి చదువుకో. ఇంక వాయిదాలు లేవు."

 మౌస్ మీద సాహిత్య చెయ్యి గట్టిగా బిగిసింది. ఎల్లేష్ ఆ చేతినే చూశాడు. ఆ పని ఆమెకు ఎంత ఇష్టమో ఆ చెయ్యి చెప్పింది.

అనుమానం వచ్చి ఎస్‌ఎంపీఎస్ విప్పాడు. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటర్ లోపల అందరికీ పంచిపెట్టే ఇనుప డబ్బా అది. విప్పితే లోపల ఉండాల్సిన సరుకు సగం లేదు. దాని బదులు ఒక ఇనుప ముక్కను స్క్రూలతో బిగించి ఉంచారు.

ఎల్లేష్ మొహం మాడింది. కోఠీలో ఎస్‌ఎంపీఎస్ కొనే పద్ధతి ఒకటుంది. చేత్తో ఎత్తి చూస్తారు. బరువుంటే మంచిది, తేలికైతే నాసిరకం. తన చేతికి తెలియని బరువు లేదని ఎల్లేష్ గర్వం. ఆ చేతినే ఎవడో ఇనుప ముక్కతో మోసం చేశాడు.

"ఇంటి వోల్టేజ్ బాగాలేదు, స్టెబిలైజర్ కొనుక్కోండి" అనొచ్చు. ఊళ్ళో బిగించేవాళ్ళంతా అనే మాటే అది. ఎల్లేష్ అనలేదు.

"గల్తీ నాదే మేడమ్. చేత్తోటి లేపి జూసి తెచ్చిన. లోపట గిట్ల ఉంటదని ఎర్క లేదు. మంచిది దొరికేదాక నేనే తిరుగుత. మీరు ఫికర్ చేయకుండ్రి."

సాహిత్య గట్టిగా నాలుగు మాటలు అనాలని తయారుచేసుకుంది. అవి ఇప్పుడు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. తప్పును ఇంత తొందరగా ఒప్పుకునే మనిషిని ఆమె చూడడం అదే మొదటిసారి. ఆమె కళ్ళలో కోపం పోయిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

"ఒక్కరే తిరగొద్దు. నేనూ వస్తాను. మీ చేతి మీద నాకు నమ్మకం లేదు. మనిషి మీద ఉంది."

మర్నాడు, ఎల్లేష్ ఎప్పుడూ కొనే కోఠీ షాపతను ఎస్‌ఎంపీఎస్ డబ్బాలన్నీ వరసగా పేర్చాడు. సాహిత్య ఒకదాని మీది చీటీ చదివింది.

"నాలుగు వందల వాట్లు అని రాసుంది. ఎవరు రాశారు?"

"కంపెనీవాళ్ళు మేడమ్."

"ఏ కంపెనీ?"

షాపతను డబ్బాను అటు తిప్పి, ఇటు తిప్పి, అడుగున కూడా చూశాడు. ఎక్కడా పేరు లేదు. "నై మాలూమ్ మేడమ్. మగర్ మాల్ అచ్ఛా హై" అన్నాడు ఎల్లేష్ వైపు తిరిగి. కంపెనీ తెలియదట గానీ సరుకు మాత్రం మంచిదట. ఎల్లేష్ నవ్వాపుకోలేక గోడకున్న క్యాలెండరు చూశాడు. తను ఇన్నేళ్ళుగా వస్తున్నాడు. ఆ ప్రశ్న అడగాలని ఒక్కసారీ తట్టలేదు.

"అరే భాయ్, లేజాకే దేఖో. పసంద్ నై ఆయే తో వాపస్ లావ్" అని, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానని షాపతను రెండు డబ్బాలు ఇచ్చి పంపాడు. ఒకటి ఎల్లేష్ బరువు చూసి ఏరినది, ఇంకొకటి సాహిత్య చీటీ చదివి ఏరినది. దారంతా ఎవరిది వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, ఎవరిది గొప్పో వాదించుకున్నారు. షాపుకి చేరాక కూడా అదే లొల్లి.

బాలకిషన్ పాల క్యాను కడుక్కుంటూ తొంగిచూశాడు. "ఏందిరా, గా డబ్బాలు ముంగట వెట్టుకొని గట్ల కొట్లాడుతున్నరు?"

"ఏది మంచిదో తెలుస్తలేదు బాపు. ఆమె మీద రాసింది చూస్తదట. నేను బరువు చూస్త."

"బర్రెను గట్ల జూసి కొంటె మన పని ఖతమైతుండె. సంతకు తోలుకొచ్చెటోడు ముందు పూట పాలు పిండడు. పొదుగు నిండి బరువుగ కనవడుతది. పిచ్చోడు అది జూసి పైసలిస్తడు. తెలిసినోడు రెండు పూటలు పిండుకుంటడు, అప్పుడు బేరం చేస్తడు." అంతే చెప్పి, "ఇంతకు గవి ఏం డబ్బాలు? రేడియోనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఎల్లేష్, సాహిత్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పిండి చూడాలి" అంది సాహిత్య.

"కరెంటు పిండాలె" అన్నాడు ఎల్లేష్.

పక్కనే సీమోను షెడ్డు. ఆటోల హెడ్‌లైట్లు, హారన్లు బాగుచేస్తాడు. ఆటో బల్బుకు కావాల్సిందీ, ఎస్‌ఎంపీఎస్ పసుపు వైరులో వచ్చేదీ ఒకటే, పన్నెండు వోల్టులు. ఎల్లేష్ వెళ్ళి, "సీమోను అన్నా, నాలుగు హెడ్‌లైట్ బల్బులు ఇయ్యే. మల్ల తెచ్చిస్త" అన్నాడు.

సీమోను షాపు వైపు చూసి, బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయిని చూసి, అన్నీ అర్థమైనవాడిలా బల్బులు ఇచ్చాడు. "తీస్కపో. పగలగొడితె మాత్రం ఊకోను."

"గాజులు తీసి పెట్టుండ్రి" అన్నాడు ఎల్లేష్, సాహిత్య వైర్లు అందుకోబోతుంటే.

"మట్టి గాజులకు కరెంటు పట్టదు. స్కూల్లోనే చెప్తారు."

"కరెంటుకు భయం లేదు. నాకు భయమైతున్నది."

సాహిత్య లాడ్ బజార్‌లో కొనుక్కున్న ఆ గాజులు ఒక్కొక్కటే తీసి అతని అరచేతిలో పెట్టింది. ఎల్లేష్ వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక పరీక్ష అయ్యేదాకా ఎడమ చేతిలోనే పట్టుకున్నాడు.

పచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అయి, దానిలోని ఫ్యాను తిరిగింది. పసుపు వైరుకు ఒక్కొక్క బల్బూ తగిలించారు. మొదటి బల్బు భేషుగ్గా వెలిగింది. రెండోది వెలిగింది. మూడోది పెట్టగానే అన్నీ కలిసి పడుకున్నాయి. పన్నెండు వోల్టుల దగ్గర ఉండాల్సిన మీటరు ముల్లు కిందికి జారిపోయింది. అది ఎల్లేష్ డబ్బా. సాహిత్య డబ్బా మూడో బల్బు దాకా వచ్చి, నాలుగోదానికి ఫ్యాను కూడా ఆపేసింది.

"మీది మూడు దాక గుంజింది" అన్నాడు ఎల్లేష్ ఉదారంగా.

"ఓడిపోవడంలో ఫస్ట్ క్లాసన్నమాట" అంది సాహిత్య. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ రోజు నుంచి అదే వరస. కోఠీ వెళ్ళడం, ఒక డబ్బా తేవడం, బల్బులు పెట్టి పిండడం. సాహిత్య కంప్యూటర్‌ను మళ్ళీ షాపుకే తెచ్చి పెట్టారు. ఈలోగా వకీలు గారి పని ఆగకూడదని ఆమె దాని హార్డ్ డిస్కును ఎల్లేష్ సొంత కంప్యూటర్‌కు తగిలించి, టేపులు పెట్టుకుని కూర్చునేది. లోపలి గదిలోంచి ఎల్లేష్ తల్లి కాశమ్మ మధ్యమధ్య వచ్చి, పెళ్ళికూతురి చీర రంగు బాగుందని చెప్పి పోయేది.

ఎల్లేష్ మదర్‌బోర్డులు శుభ్రం చేస్తున్నట్టు నటిస్తూ ఆమె పని చూసేవాడు. ఊళ్ళో మిక్సింగ్ అంటే గులాబీలు ఎగరడం, గుండెలు కొట్టుకోవడం, పెళ్ళికొడుకు మొహం చంద్రుడిలో తేలడం. సాహిత్య అవన్నీ తీసేసింది. పెళ్ళిపీటల దగ్గర ఒక ముసలామె వధువు కాలి మెట్టెను సర్దుతుంటే, ఆ కొంచెం ముక్కను టేపంతా వెతికి పట్టుకుంది. ఎవరికోసమో కాకుండా, నిజంగా నవ్విన నవ్వుల్ని ఏరింది. అతను ఎన్నో పెళ్ళి క్యాసెట్లు చూశాడు గానీ పెళ్ళిని మాత్రం ఆమె వెనక నిలబడే చూశాడు. ఇంత బాగా చూసే కళ్ళు తనని కూడా ఎప్పుడైనా అలా చూస్తే బాగుండునని అనిపించింది. అనిపించినందుకు తననే తిట్టుకున్నాడు.

ఒక డబ్బా నాలుగు బల్బులూ లాగింది. ఎల్లేష్ సంతోషించేలోగా సాహిత్య చెవి ఆనించి, "ఫ్యాన్ చప్పుడు చేస్తోంది. రాత్రిళ్ళు నాన్నకు నిద్ర పట్టదు" అంది. ఎల్లేష్ చెవికి ఏ చప్పుడూ వినబడలేదు. మారు మాట్లాడకుండా వాపస్ ఇచ్చాడు. ఆ తర్వాతది కూడా నాలుగు బల్బులూ లాగింది. అప్పుడు ఎల్లేష్, "వైర్లు పొట్టిగున్నయి. సీడీ రైటర్ దాక అందవు" అన్నాడు. వైర్లు బల్ల మీంచి కిందికి వేలాడుతున్నాయి. సాహిత్య వాటిని చూసి, "అవును, పొట్టివే" అంది.

కోఠీ షాపతనికి మాత్రం వీళ్ళిద్దరికీ పిచ్చి పట్టిందని నమ్మకం కుదిరింది.

నెలాఖరు ఆదివారం వచ్చింది. మిక్సింగ్ పూర్తయింది. ఎల్లేష్ కంప్యూటర్‌కు సీడీ రైటర్ లేదు కాబట్టి, ఇక సాహిత్య తన సొంత కంప్యూటర్ మీదే దాన్ని సీడీ చేసి ఇవ్వాలి. చేయగలిగితే మొదటి ఆర్డరు, లేకపోతే బ్యాంకు పరీక్ష. సాయంత్రం లక్ష్మీకాంత్ స్వయంగా ఆటో తెస్తానన్నారు.

బల్ల మీద ఆఖరి డబ్బా ఉంది. ఎల్లేష్ ఒక బల్బు పెట్టాడు. రెండు. మూడు. నాలుగు. సీమోనును అడిగి ఇంకొకటి తెచ్చి ఐదోది కూడా పెట్టాడు. బయట వాన. గదంతా ఆటో వెలుతురు. మీటరు ముల్లు పన్నెండు దగ్గర మొండిగా నిలబడింది.

ఎల్లేష్ చాలాసేపు ఆ ముల్లునే చూశాడు. "బాగలేదు" అంటే ఆమె నమ్ముతుంది. రేపు కూడా వస్తుంది. కానీ ఆ ఒక్క రోజుకి ఆమె తన పనిని పోగొట్టుకుంటుంది. ఆమెకు చెడ్డ డబ్బా ఒకటి ఇచ్చింది చాలు.

"ఇది మంచిది" అన్నాడు.

సాహిత్య నవ్వలేదు. "మళ్ళీ చూడండి."

మళ్ళీ చూశాడు. "మంచిదే."

"ఫ్యాన్?"

"చప్పుడు లేదు."

"వైర్లు?"

"మస్తు పొడుగున్నయి."

"వేడెక్కుతోందేమో."

"సల్లగనే ఉన్నది. సాహిత్య గారూ, ఎన్నిసార్లు జూసినా ఇది మంచిదే."

సాహిత్య లేచి నిలబడింది. "ఇంతకాలం దేనికీ బాగుందనని మనిషి, ఇవాళ ఇంత తొందరగా బాగుందనేశారు. నేను ఎప్పుడు వెళ్ళిపోతానా అని చూస్తున్నట్టున్నారు."

"లేదు. దీని మీద నాకేం కంప్లైంట్ లేదు."

"మరి దేని మీద ఉంది?"

ఎల్లేష్ బల్బులు ఆపేశాడు. అంత వెలుతురులో ఆ మాట చెప్పడం అతని వల్ల కాలేదు. "ఇది వోతే మీరు గూడ వోతరు. నాకు మీరు పోవుడు ఇష్టం లేదు. మీరంటే మస్తు ఇష్టం నాకు. మీరు పని చేస్తుంటె చూసుడు ఇంకా ఇష్టం. చెప్పకపోతె రేపు ఈ గదిల నేనొక్కడినే ఉంట, అందుకే చెప్తున్న."

 సాహిత్య మెల్లగా అంది. "ఆ రోజు ఆ ఫ్యాన్ చప్పుడు చేయలేదు."

"ఎర్కనే."

"ఎరుకేనా? మరి ఎందుకు వాపస్ ఇచ్చారు?"

"వైర్లు పొట్టిగ లెవ్వు. మీరెందుకు అవునన్నరు?"

 దానికి జవాబు ఆమె మొహమంతా ఉంది. ఎల్లేష్ దాన్ని చూస్తుండగానే గుమ్మంలో ఎవరో గొడుగు ముడిచిన చప్పుడైంది.

లక్ష్మీకాంత్ నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. గొడుగులోంచి కారిన నీళ్ళు గుమ్మం ముందు చిన్న మడుగు కట్టాయి కాబట్టి, వచ్చి కాసేపైనట్టే.

"ఆటో ఆగి ఉంది. కంప్యూటర్ డబ్బా ఇద్దరూ పట్టుకోండి" అన్నారు ఆయన.   దారి పొడుగునా ఎల్లేష్ డబ్బాను ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

ఇంట్లో ఎల్లేష్ కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టి, హార్డ్ డిస్కు తగిలించి స్క్రూలు బిగించాడు. సాహిత్య సీడీ రాయడానికి పెట్టింది. అప్పుడే పక్కింటివాళ్ళు మోటారు వేశారు. ట్యూబ్‌లైటు మిణుకుమిణుకుమంది. కంప్యూటర్ మాత్రం నల్లబడలేదు. కాసేపటికి సీడీ వెచ్చగా బయటికి వచ్చింది.

లక్ష్మీకాంత్ దాన్ని టీవీలో పెట్టించుకుని చూశారు. అప్పగింతల దగ్గర అందరూ పెళ్ళికూతుర్ని చూస్తున్నారు. ఫ్రేము మూలన పెళ్ళికూతురి తండ్రి, ఫంక్షన్ హాలు స్తంభం వెనక్కి వెళ్ళి, కండువాతో మొహం తుడుచుకుని, ఏమీ జరగనట్టు నవ్వుతూ మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఆ ముక్క మీద పాట లేదు, గులాబీ లేదు.

లక్ష్మీకాంత్ కళ్ళజోడు తీశారు. "ఇది కెమెరా అతను కావాలని తీశాడా?"

"లేదు నాన్నా. అతనికి తెలియకుండానే పడింది. కోసేయకుండా ఉంచాను."

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. "బ్యాంకువాళ్ళకి ఇంకెవరైనా దొరుకుతార్లే అమ్మా. నువ్వు ఈ పనే చేసుకో."

సాహిత్య ఆయన భుజం మీద తల ఆనించింది. ఇక వెళ్దామని ఎల్లేష్ స్క్రూడ్రైవర్ సర్దుకుంటుంటే లక్ష్మీకాంత్, "ఆగు బాబూ. నీ సంగతి మిగిలింది" అన్నారు. ఎల్లేష్ బోనెక్కినవాడిలా నిలబడ్డాడు.

"షాపులో అంతా విన్నాను. ఇవాళ డబ్బా బాగాలేదని ఒక్క అబద్ధం ఆడితే ఇంకొన్నాళ్ళు గడిచేవి కదా. ఎందుకు ఆడలేదు?"

"ఆమె పని వోతుండె సార్."

"అంతేనా?"

"అంతే సార్."

లక్ష్మీకాంత్ కూతురి వైపు చూశారు. సాహిత్య తల దించుకోలేదు. "నాకు కూడా ఇష్టమే నాన్నా" అంది.

"మా వాళ్ళు రాజమండ్రి నుంచి ఫోన్లు చేసి నన్ను తిడతారు" అన్నారు ఆయన. "మీ వాళ్ళు మీ నాన్నను తిడతారు. ఒక్క వాయిదాలో తేలే కేసు కాదు. కానీ కొట్టేయడానికి నాకు కారణం కనబడట్లేదు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "మీ నాన్న ఇన్నేళ్ళుగా మా గడప బయట నిలబడి పాలు పోసి వెళ్తున్నాడు. ఒక్కసారి కూడా లోపలికి రమ్మనలేదు నేను. రేపు వచ్చి కూర్చోమను. మాట్లాడుకుందాం."

 ఎల్లేష్ చేతిలో స్క్రూడ్రైవర్ ఉందని మర్చిపోయి దానితోనే దండం పెట్టాడు. సాహిత్య నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. వంటింట్లోంచి ఇంతసేపూ మాట్లాడని ఆమె తల్లి శారదాంబ గొంతు వినిపించింది.

"రేపు పాలు ఒక లీటరు ఎక్కువ పోయమను బాబూ. కాఫీకి మనుషులు పెరిగారు కదా."